ఆ నీలం మొక్కది కాదు

ల్యాబుల్లో కొత్తగా చేరిన పిల్లలు అప్పుడప్పుడు నాకు ఫోన్ చేస్తుంటారు. "అక్కా, మీ సర్వీసులో మరిచిపోలేని సంగతి ఒకటి చెప్పండి" అంటారు. ఏదో పెద్ద బహుమతి గురించో, ఢిల్లీ నుంచి వచ్చిన పెద్దమనిషి గురించో చెబుతానని వాళ్ల ఆశ. నేను మాత్రం నా చేతులతో నేను చేసిన ఒక తప్పు గురించి చెబుతాను. చెప్పేటప్పుడు గొంతు తగ్గించను.

తమిళనాడులో, వేలూరు పక్కనున్న కాట్పాడి దగ్గర ఒక కాలేజీలో, మొక్కల ల్యాబులో, పోయిన ఏడాది రిటైరయ్యేదాకా అసిస్టెంటుగా పనిచేశాను. సీసాలు కడగడం, మొక్కలు పెరిగే జెల్లీ వండడం, ఫ్రీజర్ చూసుకోవడం, కొత్తవాళ్లకు ఆకు నలగకుండా కోయడం నేర్పడం నా పనులు. మాది గుడియాత్తంలో మగ్గం ఇల్లు. నాన్న లుంగీలు నేసేవాడు, అమ్మ కండెలు చుట్టేది. ఇంట్లో తెలుగు మాట్లాడేవాళ్లం, బడిలో తమిళం చదివాం. తెలుగు అక్షరాలు నాకు నేర్పింది మా ప్రొఫెసర్. ఆయనది నెల్లూరు. "ఇంత బాగా మాట్లాడతావు, చదవలేవంటే ఎట్లమ్మా?" అని మధ్యాహ్నం భోజనం వేళ పాత కాగితాల వెనక ఓనమాలు దిద్దించారు. మా యాస విని నవ్వేవారు. ఆయన యాస విని మేమూ నవ్వేవాళ్లం, ఆయన లేనప్పుడు.

ఇది ఆయన దగ్గర ఒక అమ్మాయి పరిశోధన చేస్తున్నప్పటి సంగతి. అప్పటికి నేను ఆ ల్యాబులో చేరి పదిహేనేళ్లు. ఆ అమ్మాయి తండ్రి మేస్త్రీ. మా కాలేజీలో కొన్ని గోడలు ఆయన చేతి మీదుగా లేచినవే. వాళ్లింట్లోనూ తెలుగే. అందుకని గదిలో మేమిద్దరమే ఉంటే మా భాషలో మాట్లాడుకునేవాళ్లం, మధ్యలో తమిళం దొర్లుతూ ఉండేది.

పని పొగాకు మొక్క మీద. ఈ తరహా ప్రయోగాలకు పొగాకంత మాట వినే మొక్క ఇంకోటి లేదు. మా వీధిలో సగం ఇళ్లల్లో బీడీలు చుట్టేవాళ్లు. నేను గాజుసీసాల్లో పొగాకు పెంచుతున్నానని తెలిసి అమ్మ కండె పక్కన పెట్టేసింది.

"పొగాకుకా నువ్వు తిండి పెట్టేది? ఆ దుమ్ముకి ఈ వీధిలో దగ్గి దగ్గి ఎంతమంది పోయినారో తెలుసునా నీకు?"

"తాగేదానికి కాదమ్మా, చదువుకి."

"చదువుకి వేరే చెట్టే దొరకలేదా?" అంది. చివరిదాకా ఆమెకు ఆ మొక్క మీద కోపం పోలేదు.

ఆ పనేమిటో కొంచెం చెప్పాలి, లేకపోతే నా తప్పు ఎంతటిదో మీకు అర్థం కాదు. మట్టిలో ఒక రకం బాక్టీరియా ఉంటుంది. మొక్కకు గాయమైతే, ఆ గాయం నుంచి ఊరే రసాన్ని అది పసిగట్టి వచ్చి అంటుకుంటుంది. తన డిఎన్‌ఏలోంచి ఒక ముక్కను విడదీసి మొక్క కణంలోకి పంపిస్తుంది. ఆ ముక్క కణం లోపల మొక్క సొంత డిఎన్‌ఏ ఉన్న చోటికి చేరి, అందులో కలిసిపోతుంది. ఇక మొక్క దాన్ని తనదే అనుకుంటుంది. పొలంలో అయితే ఆ ముక్క వల్ల కాండం మీద కణితి లేస్తుంది. బాక్టీరియాకు కావలసిన తిండి ఆ కణితిలో తయారవుతుంది. ఆ తర్వాత బాక్టీరియా చచ్చిపోయినా కణితి పెరుగుతూనే ఉంటుంది. శాస్త్రవేత్తలు ఆ కణితి జన్యువులు తీసేసి, వాటి చోట మనకు కావలసినవి పెట్టి, అదే బాక్టీరియాతో మొక్కలోకి పంపించడం నేర్చుకున్నారు.

ముక్క లోపలికి వెళ్లిందో లేదో కంటికి కనబడదు. అందుకని దానిలో ఒక గుర్తు పెడతారు. ఆకును ఒక మందులో నానబెడితే, ఆ గుర్తు పనిచేస్తున్న కణాలు నీలం రంగుకు తిరుగుతాయి. అయితే ఒక చిక్కుంది. గుర్తును బాక్టీరియా కూడా చదవగలదు. అప్పుడు ఆకుకు అంటుకుని ఉన్న బాక్టీరియా నీలంగా మారితే, ఆకే నీలమైందని మనం పొరబడతాం. దానికి తెలివైనవాళ్లు ఒక ఉపాయం చేశారు. గుర్తు మధ్యలో ఒక అడ్డుముక్క పెట్టారు. మొక్క కణానికి ఆ అడ్డును కత్తిరించి పారేసి మిగతాది చదువుకోవడం తెలుసు. బాక్టీరియాకు తెలియదు. కాబట్టి ఈ రకంతో నీలం వచ్చిందంటే అది మొక్కదే.

మా ఫ్రీజర్‌లో రెండు రకాలూ ఉండేవి. అడ్డు లేనిది పాతది, అడ్డు ఉన్నది కొత్తది. చిటికెన వేలంత గొట్టాలు, పక్కపక్కనే.

ఒక వేసవి మధ్యాహ్నం కరెంటు పోయింది. జనరేటర్ కూడా మొరాయించింది. ప్రొఫెసర్ చెన్నైలో ఉన్నారు. నేను ఐస్ తెప్పించి, ఫ్రీజర్‌లోని గొట్టాలన్నిటినీ ఐసుపెట్టెలోకి మార్చాను. ఒక్కటి కూడా పాడుకానివ్వలేదు. ఆ రోజు అందరూ నన్ను మెచ్చుకున్నారు. కానీ మంచు కరిగి, ఈ రెండు గొట్టాల మీద సిరా చెదిరిపోయింది. ఏది ఏదో చదవడానికి లేదు.

ప్రొఫెసర్‌కు ఫోన్ చేయొచ్చు. ఒక్క రోజు పరీక్ష చేసి తేల్చుకోవచ్చు. నేను రెండూ చేయలేదు. ల్యాబులో ఏ వస్తువు ఎక్కడుందో కళ్లు మూసుకుని చెబుతానని నాకు పేరుంది. ఆ పేరు మీద నాకు చాలా మోజు. ఎడమవైపుది పాతది, కుడివైపుది కొత్తది అని జ్ఞాపకం తెచ్చుకుని, కొత్త కాగితాలు అతికించి, ముత్యాల్లాంటి అక్షరాలతో రాసిపెట్టాను.

ఆ అమ్మాయి ప్రయోగం మొదలుపెట్టింది ఆ తర్వాతే. మొదటి నాలుగు నెలలు ఏదీ కుదరలేదు. ఒకసారి ఆకుముక్కలు గోధుమరంగుకు మాడిపోయాయి. ఇంకోసారి బాక్టీరియా ఎక్కువై ఆకుల్ని పెరుగులాగా కప్పేసింది. ఆకు కోసే పని నేను తీసుకున్నాను. గుండ్రటి చిన్న ముక్కలు, అంచు మాత్రమే గాయపడాలి, మధ్య నలగకూడదు. తెగిన పోగులు ముడేస్తూ పెరిగిన వేళ్లకు అది కష్టం కాదు.

ఒకరోజు పొద్దున మందులోంచి ముక్కలు తీసేసరికి అంచుల చుట్టూ నీలం. అమ్మాయి కేకేసింది. ప్రొఫెసర్ పరిగెత్తుకుంటూ వచ్చారు. ఆర్కాటు మక్కన్‌పేడా మిఠాయి తెప్పించి అందరికీ పంచారు. ఫొటోలు తీసి వరండాలో బోర్డు మీద పెట్టారు. నివేదిక, ఇలాంటి పనులకు అనుమతులిచ్చే కమిటీకి వెళ్లింది. పొగాకులో చేసి చూపిస్తే, ఆ తర్వాత వేరుశనగ మీద చేయడానికి కమిటీ అనుమతి ఇస్తుంది. ఆ అమ్మాయి తాతది మేల్పాడిలో వేరుశనగ సేద్యం. ఆమె ఈ చదువులోకి వచ్చిందే దానికోసం. కమిటీ వాళ్లు వచ్చే గురువారం వస్తున్నారు.

ఆకులు నానబెట్టగా మిగిలిన మందునూ, వాడగా మిగిలిన బాక్టీరియానూ వేరువేరుగా ఉడికించి పారేయాలి. ఆ వారం సీసాలు తక్కువై, మిగిలిన మందును బాక్టీరియా ఉన్న సీసాలోనే పోశాను. రెండూ కలిపి ఉడికించేద్దామనుకున్నాను. ఆవిరి యంత్రంలో చోటు లేక ఆ సీసాను మర్నాటికి ఉంచాను. మర్నాడు వచ్చి చూస్తే సీసా అంతా నీలం.

చేతిలో సీసాతో అక్కడే నిలబడిపోయాను. అందులో ఆకు లేదు, మొక్క లేదు. ఉన్నది బాక్టీరియా ఒక్కటే. కొత్త రకం బాక్టీరియా నీలం కాకూడదు.

ఎవరికీ చెప్పకుండా ఫ్రీజర్ తెరిచి రెండు గొట్టాల్లోంచీ కొంచెం కొంచెం తీసి పెంచి, మందు చుక్క వేశాను. కరెంటు పోయిన రోజే చేయాల్సిన పరీక్ష అది. మరుసటి రోజుకు, నేను "కొత్తది" అని రాసిన దానిలోంచి పెంచినది నీలంగా మారింది. "పాతది" అని రాసినది తెల్లగానే ఉంది. ముత్యాల్లాంటి అక్షరాలతో తారుమారుగా రాశాను.

ఆ సాయంత్రం కూడా ఎవరికీ చెప్పలేదు. ఇది కూడా చెప్పాలి. రైలెక్కి గుడియాత్తం వచ్చేశాను. దారి పొడుగునా ఒకటే ఆలోచన. నాకు తప్ప ఎవరికీ తెలియదు. గొట్టాల మీద కాగితాలు మార్చేస్తే చాలు.

పొద్దున అమ్మాయి వచ్చీ రాగానే పిలిచాను.

"ఇట్ల రా. నీకొకటి చూపించాల."

పరీక్ష చేసిన రెండు సీసాలు వెలుతురులో పెట్టాను. ఆమె చూసింది. తెలివైన పిల్ల, రెండోసారి చెప్పే పని పడలేదు.

"పేర్లు రాసింది నేనే. మార్చి రాసినాను. తప్పు నాది" అన్నాను.

"అట్లయితే మన ఆకులో ఉండే నీలం?"

"క్రిముల్ది కావచ్చు. కొంత ఆకుది కూడా కావచ్చు. ఏది యాడినుంచి వచ్చిందో ఎవురూ చెప్పలేరు. అదే కష్టం."

"సార్‌కి తెలుసునా?"

"ఇంకా లేదు."

ఆమె స్టూలు మీద కూర్చుంది. నేలను చూస్తూ అంది: "అక్కా, కమిటీ పోయినాక చెప్తే? సరైన గొట్టంతో మళ్లీ చేస్తాము కదా. అప్పుడు నిజంగానే నీలం వస్తాది. ఎవురికి నష్టం?"

"నేనూ నిన్న రైలులో అదే అనుకుంటా పోయినా" అన్నాను. "వస్తే సరి. రాకపోతే?"

ఆమె ఏడ్చింది. నేను ఓదార్చలేదు. ఓదార్చే హక్కు నాకు లేదనిపించింది. ఏడుపు ఆగాక లేచి, సీసాలు కడిగే తొట్టి దగ్గరే మొహం కడుక్కుని, "పద. ఇద్దరం పోదాం" అంది.

ప్రొఫెసర్ అంతా విన్నారు. గొంతు పెంచలేదు. పెంచి ఉంటే నాకు తేలికగా ఉండేది.

"లేబుల్ రాసింది నువ్వేనా?"

"నేనే సార్."

"నాకు ఫోన్ చేయొచ్చు గదా?"

"చేయొచ్చు సార్."

"ఎందుకు చేయలేదు మరి?"

"నాకు తెలుసని అనుకున్నాను సార్."

ఆయన కళ్లద్దాలు తీసి బల్లమీద పెట్టారు. "నీకు తెలుసులే అని నేనూ అనుకున్నాను. పదిహేనేళ్లుగా అట్లాగే అనుకుంటున్నాను. ఒక్కసారీ పరీక్షించి చూసుకోలేదు." కళ్లద్దాలు మళ్లీ పెట్టుకుని, "ఈ సంగతి ఇంకెవరికైనా తెలుసా?" అని అడిగారు.

దాచమంటారేమో అనుకున్నాను. "లేదు సార్" అన్నాను.

"అయితే అందరికీ తెలియాలి. ముందు వెళ్లి ఆ బోర్డు మీద ఫొటోలు తీసేయండి."

వరండాలో జనం చూస్తుండగా ఆ ఫొటోలు నేనే తీశాను. "ఎన్నాచ్చు అక్కా?" అని, ఏమైందంటూ పక్క ల్యాబు పిల్లలు తమిళంలో అడిగారు. అడిగిన ప్రతివాళ్లకూ చెప్పాను. మూడోసారికి, అడగకముందే చెప్పడం మొదలుపెట్టాను.

గురువారం కమిటీ వాళ్లు ముగ్గురు వచ్చారు. అమ్మాయి మొదటి ఫొటో చూపించడానికి ముందే రెండు సీసాలు బల్లమీద పెట్టింది. ఒకటి నీలం, ఒకటి తెలుపు. "మేము పంపిన నివేదికలోని ఫలితాన్ని వెనక్కి తీసుకుంటున్నాము. కారణం ఇది" అని మొదలుపెట్టింది. మాట తడబడలేదు. అంతా విన్నాక వాళ్లలో పెద్దాయన అడిగారు: "లేబుల్ మార్చి రాసింది ఎవరు?"

"మా ల్యాబులో జరిగింది సార్. మేమే" అంది అమ్మాయి.

నేను తలుపు దగ్గర టీ పళ్లెంతో నిలబడి ఉన్నాను. మామూలుగా ఆ సభల్లో మాలాంటివాళ్లం నోరు తెరవం. "నేను సార్. కనుక్కున్నది కూడా నేనే" అన్నాను. పెద్దాయన నా వైపు చూసి, ఏదో రాసుకున్నారు. ప్రొఫెసర్ కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నారు.

వేరుశనగకు అనుమతి రాలేదు. గడువు మాత్రం ఒక ఏడాది ఇచ్చారు. షరతు ఒకటే. ఆకుమీద నీలం చూపిస్తే చాలదు, ఆ మొక్క విత్తనాల్లోకి ముక్క వెళ్లిందని చూపించాలి. ఆకుకు అంటుకున్న బాక్టీరియా పిల్లమొక్కలకు లెక్క ప్రకారం చేరదు. డిఎన్‌ఏలో కలిసిపోయినది మాత్రమే అట్లా చేరుతుంది.

అంతా మొదటినుంచి చేశాం. ప్రతి గొట్టాన్నీ ముందు పరీక్షించి, ఆ తర్వాతే పేరు రాశాం. అదీ ఇద్దరం కలిసి, ఒకరు రాస్తే ఒకరు చదివి. ఆకులు కోశాను. రెండు రోజులు బాక్టీరియాతో ఉంచి, తర్వాత దాన్ని చంపే మందు పెట్టాం. నెలన్నరకు ఆకుముక్కల అంచున ఆవగింజంత పచ్చటి మొగ్గలు లేచాయి. వాటిని విడదీసి, వేళ్లు వేయించి, కుండీల్లోకి మార్చి గాజింట్లో పెట్టాం. వేలూరు ఎండకు అవి వాడిపోకుండా రోజూ ఎన్నిసార్లు తడిపానో లెక్క లేదు. పూలు లేత గులాబీ రంగులో వచ్చాయి. పక్క మొక్క పుప్పొడి తగలకుండా ఒక్కో పూలగుత్తికీ కాగితం సంచి కట్టాను. కాయలు ఎండాయి. పొగాకు విత్తనం ఎంత చిన్నదంటే, తుమ్మితే ఒక తరం ఎగిరిపోతుంది. విత్తనాలు కాగితం మీద పోస్తున్నంతసేపూ గదిలో ఫ్యాను ఆపేయించాను. ఎవరినీ మాట్లాడనివ్వలేదు, ప్రొఫెసర్‌ను కూడా.

విత్తనాలను ఇంకో రకం మందు కలిపిన జెల్లీ మీద చల్లాం. మేము పంపిన ముక్క ఉన్న మొక్క ఆ మందును తట్టుకుని పచ్చగా ఉంటుంది. లేనిది తెల్లగా పాలిపోయి ఆగిపోతుంది. పక్కనే మామూలు పొగాకు విత్తనాలతో ఇంకో పళ్లెం పెట్టాం. తల్లిమొక్కలో డిఎన్‌ఏ జంటలుగా ఉంటుంది. మన ముక్క జంటలో ఒకదానిలోనే చేరింది. పుప్పొడి రేణువుల్లో సగానికి, అండాల్లో సగానికి అది వస్తుంది. రెండు వైపులా రానివి నాలుగింట ఒకటి. అంటే మూడు పచ్చగా, ఒకటి తెల్లగా మొలవాలి. అట్లా మొలిస్తే ఇక ఎవరూ ప్రశ్నించలేరు.

రెండు వారాలు గడిచాయి. లెక్కపెట్టే రోజు ప్రొఫెసర్ ఒక నియమం పెట్టారు. ముగ్గురం వేరువేరుగా లెక్కపెట్టాలి, కాగితం మీద రాసి మడిచి పెట్టాలి, ఒకరి అంకె ఒకరికి చెప్పకూడదు. మామూలు విత్తనాల పళ్లెంలో అన్నీ తెల్లగానే ఉన్నాయి. మా పళ్లెం దగ్గరికి వచ్చాను. భూతద్దం కింద చిన్నచిన్న ఆకులు, పచ్చవి, మధ్యమధ్య తెల్లవి. లెక్క తప్పుతుందేమోనని ఒక మూల నుంచి వరసలు వరసలుగా, నాన్న పడుగు పోగులు ఎంచినట్టు ఎంచాను. రెండుసార్లు ఎంచాను. నా జ్ఞాపకాన్ని నమ్మడం అప్పటికే మానేశాను కాబట్టి, వరస వరసకూ కాగితం మీద గీత పెట్టుకున్నాను.

మూడు కాగితాలూ విప్పారు. మూడింట్లోనూ ఒకటే. మూడు పచ్చకు ఒకటి తెలుపు, ఒకటి రెండు మొక్కల తేడాతో.

ఎవరూ కేకలు వేయలేదు. ప్రొఫెసర్ ఆ కాగితాలు తన రికార్డు పుస్తకంలో అతికించి, నాచేత కూడా సంతకం పెట్టించారు. నేను తెలుగులో పెట్టాను. అమ్మాయి పచ్చమొక్క ఒకటి తీసి మందులో నానబెట్టింది. మర్నాటికి వేరు కొస నుంచి ఆకు ఈనెల దాకా నీలం. ఈసారి బాక్టీరియా ఎక్కడా లేదు. ఆ వేరును నేను మైక్రోస్కోపులో ఎంతసేపు చూశానంటే, ప్రొఫెసర్ తన వంతు కోసం వెనకే నిలబడి దగ్గాల్సి వచ్చింది.

తర్వాతి నెలలో వేరుశనగకు అనుమతి వచ్చింది. అయితే నాకు జ్ఞాపకం ఉండిపోయింది ఆ ఉత్తరం కాదు. లెక్కపెట్టిన మూడో రోజున మేస్త్రీ వచ్చాడు. కూతురు చేసిందేమిటో ఒకసారి చూడాలనిపించిందట. చెప్పులు విడిచి, ల్యాబు గాజు తలుపు బయటే నిలబడ్డాడు. ఆ గది గోడ తాను కట్టిందే అయినా లోపలికి రమ్మంటే రాలేదు. అమ్మాయి క్లాసులో ఉంది. పళ్లెం నేనే తలుపు దగ్గరికి తెచ్చి చూపించాను.

"పాప ఏమేమో చెప్పింది అమ్మా. నాకు బుర్రకెక్కలా. మట్టిలో పురుగు చెట్టు లోపలికి ఏందో పంపించిందంట?"

"ఆమా అన్నా, అంతే. దాని దగ్గర ఉండే రాతలో ఒక ముక్క. మేము ఆ ముక్కలో మాకు కావాల్సింది పెట్టి పంపించినాము."

ఆయన పళ్లెం వైపు వంగి చాలాసేపు చూశాడు. "అది పైపూతా, గోడలోనే ఉండాదా?"

ప్రొఫెసర్లు, కమిటీలు పుస్తకాల భాషలో అడిగిన ప్రశ్నే అది. మేము ఏడాదిన్నరగా తిరిగింది దాని చుట్టూనే.

"పూత కాదన్నా, గోడలోనే ఉండాది. ఇవి దాని పిల్లలు. పూతయితే పిల్లలకి రాదు కదా."

"మరి ఈ తెల్లవి?"

"వాటికి రాలేదు. నాలుగుకి ఒకటి అట్లనే ఉండాల. అన్నీ పచ్చగా వచ్చింటే, మా మందు పని చేయలేదేమోనని మళ్లీ మొదటినుంచి చేసేవాళ్లం."

ఆయన వేలితో, పళ్లెం తాకకుండా, కాసేపు ఎంచాడు. ఇటుకలు ఎంచే చెయ్యి, పెదాలు కదులుతున్నాయి. ఆపి, నావైపు తిరిగాడు.

"గొట్టాల మీద పేర్లు మార్చి రాసింది నువ్వేనంట కదమ్మా?"

"నేనే అన్నా."

"కనిపెట్టింది?"

"అది కూడా నేనే."

"అట్లయితే సరి" అన్నాడు. చెప్పులు తొడుక్కుని మెట్లు దిగిపోయాడు.

నా సర్వీసులో ఎంతోమంది పెద్దవాళ్లు మా ల్యాబు చూసి వెళ్లారు. కొందరు నన్ను మెచ్చుకున్నారు, ఒకరిద్దరు శాలువా కూడా కప్పారు. ఆ శాలువాలు ఏ పెట్టెలో ఉన్నాయో ఇప్పుడు నాకు తెలియదు. ఆ మేస్త్రీ నన్ను కూతురి కష్టానికి కారణమైన మనిషిగా చూసినా తప్పులేదు. అట్లా చూడలేదు. ఆయన అన్న ఆ రెండు మాటలు మాత్రం నాకు ఇప్పటికీ చాలు.